మా గోడ మేమే కూలగొట్టుకున్నాం

వానకు మా గోడ కూలిందని ఇబ్రహీంపట్నంలో మా వైపు ఎవరినడిగినా ఇప్పటికీ చెబుతారు. అది అబద్ధం. ఆ గోడను మా అమ్మ కూలి మాట్లాడి, చాయ్ తాగించి, దగ్గరుండి మరీ కూలగొట్టించింది. ఈ ఒక్క ముక్క జనం బుర్రకెక్కించడానికి మేం పడిన పాట్లు వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో మాత్రం నాకు పళ్లు నూరుకోవడంతోనే సరిపోయింది.

మాది పిండి గిర్నీ. మెయిన్ రోడ్డు మీంచి మా సందులోకి తిరిగితే చాలు, చప్పుడు వినిపిస్తుంది. ముందు గదిలో గిర్నీ, వెనక మా ఇల్లు. బాపు చనిపోయేనాటికి నేను బడిలో చదువుతున్నాను. ఆయన తిప్పిన గిర్నీనే అమ్మ తిప్పింది. దాని మీదే నన్ను చదివించింది. నేను ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటునయ్యాను. ఆ పిండి దుమ్ములోంచి బయటపడ్డానని కొన్నాళ్లు నీలిగాను కూడా, కానీ జీతం రోజు తప్పితే నీలగడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అనే కాలంలో మా అమ్మ ఒక తిక్క మనిషి. గిర్నీకి సబ్సిడీ లోను వస్తుందని ఒకరు, మహిళలకు సాయం ఇస్తున్నారని ఒకరు వచ్చి చెబుతూనే ఉండేవాళ్లు. అమ్మది ఒకటే జవాబు. "ఒకని పైస తెచ్చి పెడితే వాడొచ్చి గిర్నీల కూసుంటడు. నా తాన ఒక్కటే కుర్చీ ఉన్నది. అండ్ల నేను కూసుంట." చెప్పడానికి వచ్చినవాళ్లు నిలబడే చెప్పి, నిలబడే వెళ్లిపోయేవాళ్లు.

గిర్నీ అంటే మీకు పిండి గుర్తొస్తుందేమో, నాకు కొట్లాట గుర్తొస్తుంది. ఎవరి తర్వాత ఎవరు పోయాలన్నది మొదటి కొట్లాట. గోధుమల వెనకే జొన్నలు పోస్తే, రాళ్ల మధ్య మిగిలిన గోధుమపిండి జొన్నపిండిలో కలుస్తుంది. అందుకని గింజ మారినప్పుడు ముందు పోయడానికి ఎవరూ ఒప్పుకోరు, అలాగని వరసలో వెనక్కీ జరగరు. రెండో కొట్లాట తరుగు మీద. గింజలు తూచి పోస్తాం, పిండి తూచి ఇస్తాం. మధ్యలో కొంత దుమ్మై లేచిపోతుంది. ఆ దుమ్మంతా మా అమ్మ రొట్టెలు చేసుకుని తింటోందని మా ఎదురింటి అత్త ఆరోపణ. ఆమె మాకు చుట్టం కాదు, పిలుపుకే అత్త. నేను పుట్టకముందు నుంచీ ఇదే ఆరోపణ చేస్తోంది, ఇదే గిర్నీలో జొన్నలు పట్టించుకుంటోంది. "నా జొన్నలు మెక్కి బలిసినవ్" అని ఆమె. "నీ జొన్నలల్ల పురుగులు దప్ప ఏమున్నయే" అని అమ్మ. వాళ్లిద్దరూ అరుచుకున్న రోజు ఇద్దరికీ అన్నం సయించేది. సాయంత్రం గిర్నీ బంద్ చేసి, గొంతు బొంగురుపోయి, మహా సంతోషంగా అమ్మ ఇంట్లోకి వచ్చేది.

ఆమెకున్న కోరికల్లా కారం పట్టే మిషను. పిండి పట్టే గదిలోనే కారం పడితే వరసంతా తుమ్ములే. కారానికి వేరే గది కావాలి. అంటే సందు వైపు గోడ తీసేసి కొంచెం ముందుకు జరిపి కట్టుకోవాలి. అందుకోసం కొన్నేళ్లుగా కూడబెట్టింది. చాలినంత అయిందనుకున్న రోజు మేస్త్రీని పిలిచింది. అతనిది కందుకూరు, మా ఇంట్లో చిన్న మరమ్మతు నుంచి పెద్ద పని దాకా అతనే చేస్తాడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం వేళకు గోడ పడగొట్టేశాడు. అమ్మ కూడా ఊరుకోలేక కాసేపు గడ్డపార పట్టింది.

సాయంత్రం వాన మొదలైంది. మామూలు వాన అయితే ఈ కథే లేదు. చెరువు అలుగు పారుతుందేమోనని ఊరంతా భయపడేంత వాన. పల్లపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, కొన్ని పాత మట్టిగోడలు నిజంగానే పడిపోయాయి. తెల్లారి కాస్త తెరిపి ఇవ్వగానే అమ్మ తడిసిన ఇటుకలు ఏరి పక్కన పేర్చడం మొదలుపెట్టింది. జుట్టు నిండా సున్నం, చేతిలో గడ్డపార.

మా వార్డులో ఒక చిన్న లీడరున్నాడు. ఆయనకు పదవి ఇంకా రాలేదు, తెల్లచొక్కా మాత్రం వచ్చేసింది. ఎవరో రియల్ ఎస్టేట్ వెంచర్ యజమాని దానం చేసిన బియ్యం సంచులు ట్రాలీ ఆటోలో వేసుకుని, మందిని వెంటేసుకుని, వాన బాధితులను వెతుక్కుంటూ మా సందులోకి వచ్చాడు. మా గోడను చూడగానే ఆయన ముఖం వెలిగింది. వెంటనే సర్దుకుని దిగులుగా పెట్టుకున్నాడు.

"అయ్యో అక్కా, ఎంత పనాయె!"

"ఏం పనైంది తమ్మీ?" అంది అమ్మ.

"గోడ మొత్తం పాయె గద!"

"ఏడ పాయె? నేనే కూలగొట్టిపిచ్చిన."

ఆయన తన వాళ్ల వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "షాక్ల ఉన్నదిరా పాపం. జర నీళ్లియ్యిన్రి."

అమ్మ నీళ్లు తాగనంది. గోడ తనదేనంది. కావాలంటే మేస్త్రీని అడగమంది. ఆమె మాట్లాడిన కొద్దీ వాళ్లు జాలిగా తలలూపారు. ఈలోగా ఆటోలోంచి ఒక సంచి దించారు. ఒక్క సంచిని ఏడుగురు పట్టుకున్నారు. ఫోటో కోసం పట్టుకునే చేతుల్లో బలం ఉండదు కదా, సంచి పక్కకు ఒరిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బస్తాలతో బతికిన మనిషి మా అమ్మ. బియ్యం నేలపాలవుతాయేమోనని అలవాటుకొద్దీ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు. సంచి దించేసి, "ఫికర్ జెయ్యకు అక్కా, మేమున్నం" అని ఆటో ఎక్కి ఇంకో గోడ వెతుక్కుంటూ పోయారు.

మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. వానకు సర్వం కోల్పోయిన నిరుపేద మహిళకు చేయూత అట. ఒక చేత్తో బియ్యం అందుకుంటున్న అమ్మ, ఇంకో చేతిలో గడ్డపార. శిథిలాల్లో తన సామాన్ల కోసం తవ్వుకుంటోందని కింద రాశారు. నేను చదివి వినిపించాను. అమ్మ పేపరు లాక్కుని ఫోటోను పరీక్షగా చూసింది. తర్వాత, "నిరుపేద ఎవలే?" అంది. 

పేపర్లో వచ్చింది ఫోన్లలోకి ఎక్కింది. పెద్ద అంబర్‌పేట్‌లో ఉండే ఎదురింటి అత్త కూతురు చూసి, "అయ్యో, గిర్నీ అత్తకు గింత కష్టమొస్తే నాకు చెప్పకపోతివి" అని వాళ్లమ్మకు ఫోన్ చేసిందట. అత్త రోజూ మా గడప ముందే ఉంటుంది. గోడ పడగొడుతుంటే దుమ్ము వస్తోందని మేస్త్రీని తిట్టింది కూడా. అయినా సరే, ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంటూ జొన్నలు పట్టుకుని వచ్చింది. పోసింది. పిండి పట్టాక డబ్బా ఎత్తుకుని బయల్దేరింది.

"తూచుకోవా?" అంది అమ్మ.

"ఎందుకు వదినె, నీ మీద నాకు నమ్మకం లేదా?"

ఇన్నేళ్లలో ఆమె నోటి వెంట నమ్మకం అనే మాట రావడం అదే మొదలు. అమ్మ చిల్లర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్త ఆ చిల్లర కూడా ఉంచుకొమ్మంది.

ఆ రోజు నుంచి మా గిర్నీ దవాఖానలా తయారైంది. జనం చెప్పుల చప్పుడు కాకుండా వచ్చేవాళ్లు. "నువ్వు పొయ్యి అక్కా" అంటే "లేదు, నువ్వే పొయ్యి" అని ఒకరికొకరు దారి ఇచ్చుకునేవాళ్లు. గోధుమల వెనక జొన్నలు, జొన్నల వెనక శనగలు, ఎవరిది ఎందులో కలిసినా కిక్కురుమనకుండా మోసుకుపోయేవాళ్లు. ఒకామె పాత చీరలు తెచ్చి మూల పెట్టి వెళ్లింది. మా అమ్మ దగ్గర బీరువా నిండా ఉన్న చీరల కంటే అవే పాతవి, అంతకు మించి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఇంకొకామె గిన్నెడు పప్పు తెచ్చింది. ఉప్పు లేదు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండించింది మేస్త్రీ. వానలు తగ్గాక పునాది తీయడానికి వచ్చాడు. అమ్మ పాత కూలి చేతిలో పెట్టబోతే వెనక్కి జరిగాడు.

"వద్దక్కా. గింత కష్టంల ఉన్నవ్, నీ తాన పైసలు దీస్కుంటే పాపం దలుగుతది."

"ఏం కష్టంరా? గోడ కూలగొట్టింది నువ్వే గద!" అంది అమ్మ.

"అవ్ అక్కా, నేనే కూలగొట్టిన."

"మరి?"

"గని పేపర్ల వచ్చింది గద."

నేను అతని ముఖంలోకి చూశాను. వెటకారమేమీ లేదు. తన చేతులతో తను కూలగొట్టిన గోడ గురించి ఆ మనిషి నిజంగానే బాధపడుతున్నాడు. "ముందు పైసలు దీస్కో, లేకుంటే పని బంద్" అంది అమ్మ. అయితే పని బందేనని, పాపం మూటగట్టుకోలేనని, గునపం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అమ్మ సరిగ్గా తినడం మానేసింది. ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా, "నాతోని ఎవ్వలు కొట్లాడ్తలేరే" అంది. "మీ బాపు పోయినప్పుడు సుత జనం గిట్ల జెయ్యలే. దినాలు గాంగనే వచ్చి తరుగు ఎక్కువైందని లొల్లి వెట్టిన్రు. గప్పుడు నాకు ధైర్యమొచ్చింది, నేను బతుకుతనని. ఇప్పుడు నేను గిర్నీ నడుపుతున్ననా, అడుక్కతింటున్ననా?" అప్పుడర్థమైంది నాకు ఆమెకు పోయిందేమిటో. నాకు కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు ఆ బియ్యం సంచిని స్కూటీ ముందు పెట్టుకుని, అమ్మను వెనక ఎక్కించుకుని చిన్న లీడరు ఆఫీసుకు తీసుకెళ్లాను. ఆయన సంచిని చూసి, ముడి కూడా విప్పలేదని గమనించి, చిన్నబుచ్చుకున్నాడు.

"ఇచ్చినయి వాపస్ దీస్కుంటే నా ఇజ్జత్ ఏం గావాలె అక్కా? బియ్యమిచ్చిన సేటు ఏమనుకుంటడు? గరీబోళ్లు దొరకలేదా అని అడగడా?"

"నేను గరీబుదాన్ని కాదు తమ్మీ, గదే చెప్తున్న. పేపర్ల గూడ రాయించు, గోడ కూలలేదని."

పేపరు విలేకరి పక్కనే కూర్చుని ఉన్నాడు. "గోడ కూల్తే వార్త అమ్మా. కూలకపోతే ఏం రాస్తం? ఊర్ల అన్ని గోడలు కూలకుంటనే ఉన్నయి" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉండటం నాకు మరీ మంట పుట్టించింది. సంచిని అక్కడే వదిలేసి వచ్చాం. మేం ఇల్లు చేరేసరికి అది మాకంటే ముందే వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. లీడరు మనుషులు అడ్డదారిలో బండి మీద తెచ్చి పెట్టారు.

ఈ సంగతి ఇంకో లీడరుకు తెలిసింది. ఈయనకు ఒకప్పుడు పదవి ఉండేది, పోయింది, తెల్లచొక్కా మిగిలింది. చిన్న లీడరంటే ఈయనకు పడదు. వాడిచ్చిన సాయాన్ని తిప్పికొట్టిన ధీరవనితను సన్మానిస్తానంటూ పూలదండ, శాలువా పట్టుకుని దిగాడు. గిర్నీ ముందే ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆత్మగౌరవమంటే ఇదీ అన్నాడు. ఎవరి సాయం అడగని ఈ తల్లికి గోడంతా తన సొంత ఖర్చుతో కట్టిస్తానన్నాడు.

అమ్మకు నిజంగానే అర్థం కాలేదు. "సాయం వద్దన్నందుకు సాయం జేస్తవా?" అని అడిగింది.

"అవ్ అక్కా. గందుకే!" అన్నాడాయన పొంగిపోతూ. "గోడ మీద నీ గురించి రాయిస్తం. కింద నా పేరు."

ఈసారి అమ్మ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది, పొరపాటున కూడా దేన్నీ పట్టుకోకూడదని. వాళ్లు శాలువా వెనక నుంచి కప్పారు. గోడ వద్దు, ఏమీ వద్దు అని అమ్మ అరుస్తున్న ఫోటోనే ఫ్లెక్సీ చేసి మా సందు మొదట్లో కట్టారు. అందులో అమ్మ నోరు తెరిచి ఏదో నినాదం ఇస్తున్నట్టుంది.

దాంతో ఉన్నది కాస్తా చెడింది. అప్పటిదాకా జాలి ఒక్కటే, ఇప్పుడు దానికి భక్తి తోడైంది. ఇద్దరు ముసలివాళ్లు దండం పెట్టి మరీ గోధుమలు పోశారు. ఎదురింటి అత్త డబ్బా కింద పెట్టి, వినయంగా, "మీరు ఎప్పుడు పట్టమంటే గప్పుడే తెస్త" అంది. అమ్మను ఆమె "మీరు" అంది! అమ్మ గిర్నీ ఆపేసి లోపలికి వెళ్లి, పట్టపగలు, ముసుగు పెట్టి పడుకుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు, తీసుకుంటే నిరుపేద, తీసుకోకపోతే దేవత. మామూలు గిర్నీ ఆడమనిషిగా ఉండనిచ్చే దారి ఎవరూ ఉంచలేదు.

రెండు రోజులు అలాగే ఉంది. మూడోనాడు పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే గిర్నీ చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఆ బియ్యం సంచి ముడి విప్పి ఉంది. ముందే తూకం వేసి, అమ్మ ఆ బియ్యాన్ని పట్టేస్తోంది. వద్దన్న బియ్యం ఎందుకు తింటున్నావని అడిగాను.

"తింటలేనే, పడుతున్న. గిర్నీల బియ్యం ఎవలివైతే పిండి వాళ్లదే. పట్టుడు పైసలిచ్చి కొంచవోవాలె. గది రివాజు" అంది. పిండిని పెద్ద రేకు డబ్బాల్లో నింపి, చాక్‌పీసుతో చిన్న లీడరు ఇంటిపేరు పెద్దగా రాసి, గడప పక్కన అందరికీ కనిపించేలా పెట్టింది.

వచ్చినవాళ్లు వచ్చినట్టే అడగడం మొదలుపెట్టారు. అమ్మ దాచలేదు. "లీడర్ది. పట్టి ఎన్ని దినాలాయె, కొంచవోతలేడు, పైసలిస్తలేడు." ఈ మాట పేపరు కంటే జోరుగా ఊరు తిరిగింది. సాయం చేస్తే ఒకరోజు చెప్పుకుంటారేమో, లీడరు గిర్నీలో ఉద్దెర పెట్టాడంటే చెప్పుకోవడానికి అలసటే ఉండదు.

ఆదివారం నాడు లీడరు భార్య ఆటోలో దిగింది. మనిషి మండిపోతోంది.

"పట్టియ్యమని మేమెప్పుడన్నం?"

"బియ్యం మీయే గద అమ్మా? పేపర్ల మీ ఆయన పట్టుకున్నడు గద, ఊరంత చూసింది" అంది అమ్మ.

లీడరు భార్య చుట్టూ చూసింది. వరసలో ఉన్న జనమంతా వింటున్నారు. "మాకు ఉద్దెర పెట్టే ఖర్మ పట్టలే. ఎంతైతది?" అని పర్సు తీసింది. తీసి, ఆగింది. డబ్బాల వైపు చూసింది. ఆమె కూడా ఇల్లు నడిపే మనిషే కదా, అలవాటు ఎక్కడికి పోతుంది. "తూచు" అంది.

అమ్మ తూచింది. లీడరు భార్య ముల్లును చూసి, సంచి మీది అంకె చూసి, గొంతు పెంచింది. "గింత తరుగా? బియ్యానికి గింత తరుగు యాడన్న ఉంటదా? దొంగ తరుగు దీస్తున్నవ్! ఊర్ల అందరు పాపం అంటున్నరు గని, నువ్వు ఉత్త మోసగత్తెవు!"

 అమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. ఎన్నాళ్లకో ఆమె గొంతు పూర్తిగా తెరుచుకుంది. మీ సంచిలోనే తక్కువున్నాయంది, ఇచ్చిన సేటును పోయి అడగమంది, నూకలు, మట్టి కలిపి దానమిచ్చి పేరు కొట్టేస్తారా అంది. ఆమె ఒకటంటే ఈమె రెండంది. ఎదురింటి అత్త ఇద్దరి మధ్య తల తిప్పుతూ, పెదాలు అదిమిపెట్టుకుని, ఎంతో నిగ్రహంగా నిలబడింది. నిలబడి నిలబడి, ఇక ఆగలేక, "గామె చెప్పింది అబద్ధమా? నీ తరుగు ఎప్పుడు గంతే! మొన్న నా జొన్నలు సుత తక్కువొచ్చినయి, పాపమని ఊకున్న!" అని దూకింది. ఆమె వెనక గోధుమలామె. గోధుమల్లో జొన్నలు కలిశాయని ఆమె, ముందు నావి పొయ్యమని ఇంకొకరు. ఇన్నాళ్లు మింగిందంతా ఒక్కసారిగా కక్కారు. గిర్నీ చప్పుడు కూడా వినిపించలేదు.

ఆ గందరగోళంలో లీడరు భార్య ఐదు రూపాయలు తక్కువ పెట్టి, డబ్బాలు ఆటోలో వేయించుకుని బయల్దేరింది. అమ్మ లెక్క చూసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. కొంగు పిండి దులపరించుకుంటూ సందులో ఆటో వెంట, ఫ్లెక్సీ కింది నుంచి, మెయిన్ రోడ్డు దాకా. నేను వెనకాల చెప్పులు పట్టుకుని. రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆటో ఆగింది. ఇద్దరూ అక్కడ ఇంకో విడత తిట్టుకున్నారు. చివరికి ఆటో లోపలి నుంచి ఒక ఐదు రూపాయల బిళ్ల అమ్మ అరచేతిలో పడింది.

అమ్మ రోడ్డు పక్కన అరుగు మీద కూలబడి ఆయాసపడింది. ముఖమంతా పిండి, చెమట. నేను భయపడి నీళ్లు తెమ్మంటావా అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"మోసగత్తె అన్నదే నన్ను" అంది, "గంతమంది ముంగట!" మా అమ్మ అంత ఆనందంగా నవ్వడం నేను బాపు ఉన్నప్పుడు చూశాను, మళ్లీ ఆ రోజు చూశాను.